అక్క తీసుకుపోయిన బొంత

మా అక్క మీద నాకు యాభై ఏండ్ల కోపం ఉంది. నిన్న జనగామ బజారులో కొత్త బట్టను ముక్కలు కోసి కుట్టిన బొంత చూశాను. ఆ కోపం మళ్ళీ లేచింది.

మన ఈడు వాళ్ళు చెప్పండి, కొత్త బట్టతో బొంత ఎవరైనా కుట్టారా? మా అమ్మను అవ్వ అనేవాళ్ళం, నాన్నను బాపు. అవ్వ బొంత లోపల బాపు చినిగిన ధోతులు పరిచి, పైన తన పాత చీరలు వేసి, నా ఎర్ర అంగీ ముక్కతో మూల బిగించింది. అది కప్పుకుంటే అవ్వ పక్కన పడుకున్నట్టే ఉండేది.

తొలి కాన్పుకు వచ్చిన అక్క, బిడ్డతో అత్తగారి ఊరు రేగొండకు తిరిగి పోతూ ఆ బొంతను చుట్టి పట్టుకుంది. నేను మూల పట్టుకొని వదల్లేదు.

"గా బొంత నాది!"

"ఇడువు బిడ్డా. పసిగుడ్డుకు కొత్త బట్ట గుచ్చుకుంటది, మనం కట్టి కట్టి మెత్తగైనదే కావాలె. నీకు ఇంకోటి కుడత" అంది అవ్వ.

"పిల్ల నడవంగనే తెచ్చిస్త తమ్మీ. గింత బొంతకు గంత లొల్లా?" అని అక్క నవ్వింది.

తేలేదు. ఇంకొకటి కుట్టకముందే అవ్వ పోయింది. ఆమె చేతి కుట్టు నా దగ్గర ఒక్కటీ లేదు.

అక్కా, ఇది నీ మనుమడు చదివి వినిపిస్తాడు. బొంత ఉందా? చినిగిపోతే పోయిందని చెప్పు, తిట్టను. దాంట్లో పిల్లకు చలి పెట్టలేదు కదా? ఆదివారంలోగా నాకు జవాబు కావాలి.