కోడిపిల్లలకు నేను పెట్టిన ఉప్పు

మా వదిన నీడ పడి కోడిపిల్లలు చచ్చిపోలేదు. అవి చచ్చిపోయింది నా వల్ల. ఈ రెండు ముక్కలూ నేను పందొమ్మిది వందల అరవై ఎనిమిది ప్రాంతంలోనే చెప్పాల్సింది. చెప్పలేదు.

మొన్న అన్నయ్య ఇంటికి వెళ్ళాను. పెరట్లో ఒక పెట్ట పదో పన్నెండో పిల్లల్ని వెంటేసుకుని తిరుగుతోంది. కొత్తగా కాపురానికొచ్చిన వాళ్ళ కోడలు చేటలో నూకలు తెచ్చి వేయబోతుంటే, వసారాలోంచి వదిన కేకేసింది. "ఒలమ్మా, ఆగు! ఈ మూడ్రోజులూ గూటి సాయలకెల్లకు. నా నీడ పడే ఒకపాలి నాలుగు పిల్లలు పోనాయి." ఆ పిల్ల చేట అక్కడే దించేసి, తలొంచుకుని వెనక్కి పోయింది. నేను కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు. బి.ఏ. పరీక్ష తప్పి, ఇంట్లో అన్నం తింటూ, ఊళ్ళో అందరికీ సలహాలిచ్చే పనిలో ఉండేవాణ్ణి. మా ఊరు వంశధార ఒడ్డున, కళింగపట్నానికి సైకిలు మీద గంట దూరం. వదిన కాపురానికొచ్చి ఏడాదిన్నర అయింది. ఇంకా కడుపు పండలేదని అమ్మ పైకి అనేది కాదు గానీ, గేదె చూడి కట్టకపోయినా, ఆనపపాదు కాయకపోయినా ఒకసారి వదిన వైపు చూసేది. పుట్టింటి నుంచి వదిన ఒక నల్ల పెట్టను బుట్టలో పెట్టుకుని తెచ్చుకుంది. దాన్ని పదమూడు గుడ్ల మీద పొదగేసింది. గంపలో ఇసక, ఇసక మీద గడ్డి, ఉరుములకు గుడ్లు చెడకుండా మధ్యలో ఒక ఇనప మేకూ బొగ్గు ముక్కా. ఇరవయ్యొక్క రోజులు ఆ గంప చుట్టూనే తిరిగింది. పదకొండు పిల్లలు లేచాయి. "నీ సెయ్యి మంచిదేనే" అంది అమ్మ. మా ఇంట్లో వదిన గట్టిగా నవ్వడం నేను విన్నది ఆ రోజే.

అక్కడ నా తెలివి అడ్డమొచ్చింది. బ్లాకు ఆఫీసు వాళ్ళు పంచిన చిన్న పుస్తకం ఒకటి నా దగ్గరుండేది. దాణాలో చేపల పొడి కలిపితే పిల్లలు త్వరగా ఎదుగుతాయని అందులో ఉంది. ఏ చేపో, ఎంత కలపాలో కూడా ఉండే ఉంటుంది. ఆ పేజీ దాకా నేను వెళ్ళలేదు. కళింగపట్నం పోయి, ఎండుచేపలమ్మే ముసలమ్మ దగ్గర పెద్ద పెద్ద ముక్కలు ఏరుకున్నాను. పక్కనే ఇసకలో ఎండబెట్టిన సన్న చేపలున్నాయి గానీ అవి నా కంటికి ఆనలేదు. అమ్మ పొలానికెళ్ళిన వేళ చూసి రోట్లో దంచి, చోళ్ళపిండిలో, అంటే రాగిపిండిలో, కలిపి పిల్లలకు పెట్టాను. ఆబగా తిన్నాయి. పిల్లలు ఏపుగా ఎదిగాక సంగతి బయటపెట్టి అందరి మెప్పూ పొందాలని ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజుకి వదిన బయట చేరి ఉంది. బయట చేరితే మూడు రోజులూ పశువుల శాల పంచన కూర్చోవాలి, అన్నం ఆకులో దూరంగా పెడతారు. కోడికి ఈ కట్టుబాట్లేం తెలుసు? వారం రోజుల పిల్లల్ని వెంటేసుకుని తన మనిషిని వెతుక్కుంటూ ఆ పంచనే చేరింది. రెండు పిల్లలు వదిన కొంగు మీదికెక్కాయి. అమ్మ చూసింది.

మర్నాడు పొద్దున పిల్లలు నీళ్ళ చిప్ప దగ్గర నుంచి కదల్లేదు. తాగినవే మళ్ళీ తాగుతున్నాయి. రెట్ట నీళ్ళలా పడుతోంది. నిలబడబోయి పక్కకు ఒరిగిపోతున్నాయి. మధ్యాహ్నానికి నాలుగు పోయాయి.

"ముట్టుతోటి ముట్టుకున్నావేటే? పేనమున్నదేదీ నీ సేతిలో నిలవదేటి?" అంది అమ్మ. పిల్లలెక్కిన చోట వదిన కొంగు దులుపుకుంటూ, దులుపుకుంటూ కూర్చుంది.

నేను సైకిలెక్కి కళింగపట్నం పోయాను. ముసలమ్మ విని నెత్తి కొట్టుకుంది. "కోడిపిల్లలకెట్టినావేటి? అది ఉప్పులో ఊరిన సేప, బాబూ! మనిసి తినాలంటేనే రెండు తూర్లు కడగాల. సదువుకున్నోడివి, ఒక్క మాట అడగొద్దేటి?" చిప్ప నిండా నీళ్ళు పెట్టొద్దని, కాసిని కాసిని మాటిమాటికీ పట్టమని చెప్పింది.

దారి పొడుగునా అమ్మకు ఎలా చెప్పాలో వల్లించుకున్నాను. ఇంటికొచ్చేసరికి అన్నయ్య శాల వైపు చూడకుండా తలొంచుకుని అన్నం తింటున్నాడు. అసలే పరీక్ష తప్పినవాణ్ణి, ఇంకో తప్పు కూడా నెత్తికెత్తుకోవడం దేనికనుకున్నాను. మిగిలిన పొడిని పెంటకుప్పలో పాతేశాను.

మర్నాడు తలంటు పోసుకుని వదిన ఇంట్లోకి వచ్చింది. మిగిలిన ఏడింటినీ అమ్మ ఆమెను ముట్టుకోనివ్వలేదు. "నేను చూసుకుంటానులే" అని గంప తీసుకుపోయి, శాల వెనక వదిన చేతికే ఇచ్చాను. ముసలమ్మ మాట నా మాటగా చెప్పాను. వదిన గంపలో ఊక పోసి, పక్కన నిప్పుల కుండ పెట్టి, తడిపిన దూది ఒక్కో ముక్కుకూ అందించేది. ఒకదానికి మెడ నిలవడం లేదు. దాన్ని అరచేతిలో పెట్టుకుని, "మరిదీ, ఇది బతికితే ఈ ఇంట్లో నాను బతికినట్టే" అంది. పిల్లలకు మేతగా చెదలు తేవడం నా పనిగా పెట్టుకున్నాను. కుండలో పేడా గడ్డీ కుక్కి పొలం గట్టున బోర్లిస్తే తెల్లారేసరికి చెదలు పడతాయి. నా ప్రాయశ్చిత్తమంతా ఆ కుండతోనే సరిపెట్టుకున్నాను.

మూడో రోజుకు ఆ మెడ నిలవనిది లేచి నా కాలి బొటనవేలు పొడిచింది. వదిన మళ్ళీ నవ్వింది. అమ్మ అంతా చూస్తూనే చూడనట్టు ఊరుకుంది. రెక్కలకు ఈకలొచ్చాయి. గద్ద నీడ కనబడితే కంచె కిందికి దూరడం నేర్చాయి. తల్లి పొడిచి తరిమే వయసొచ్చేసరికి అన్నయ్య మట్టిగోడల గూడు కట్టి, చెక్క తలుపు పెట్టాడు. మొదటి రోజు పొద్దుగూకే వేళ అవి ఒక్కొక్కటే లోపలికి దూరుతుంటే వదిన పైకి లెక్కపెట్టింది. ఆరు వెళ్ళాయి. ఏడోది, ఆ మొండిది, గూటి కప్పెక్కి కూర్చుంది. అన్నయ్యే దాన్ని దించి లోపలికి తోశాడు. వదిన తలుపేసి, దానికి వీపానించి అలాగే కూర్చుండిపోయింది. ఇల్లంతా ఊపిరి పీల్చుకుంది.

"బతికేసినాయి కదే, పోనీ. ఇకనించి మాత్రం ఆ మూడ్రోజులూ గూటి సాయలకెల్లకు" అంది అమ్మ. వదిన తలూపింది. నేను అప్పుడైనా చెప్పొచ్చు. అంతా బాగానే ఉంది కదా అని ఊరుకున్నాను. తర్వాత వదినకు ముగ్గురు పిల్లలు పుట్టారు, అమ్మ పోయింది, గూడు రెండుసార్లు వానకు కూలి మళ్ళీ లేచింది. ఆ మాట మాత్రం కూలలేదు. ఇప్పుడది కోడలి దాకా వచ్చింది.

అందుకే మొన్న ఆ అమ్మాయిని కూడా వసారాలోకి పిలిచాను. "వదినా, ఆ నాలుగు పిల్లల్నీ చంపింది నేను. ఉప్పు చేప దంచి పెట్టాను. నిన్ను తిడుతుంటే తెలిసీ నోరు మెదపలేదు" అన్నాను.

వదిన లేచి నా దగ్గరకొచ్చింది. "ఉప్పా?"

"ఉప్పే."

"ఓరి దొంగ సచ్చినోడా! ఇన్నేళ్ళూ నా సేతుల్ని నానే అనుమానించుకున్నాను కదరా!" అంటూ నా వీపు మీద ఒక్కటి వేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుని కోడలి వైపు తిరిగింది. "ఏటలా సూస్తావు? ఎల్లు, నూకలెయ్యి. ఆకలికి అరుత్తన్నాయి."

ఆ అమ్మాయి చేట అందుకుంది. పిల్లలన్నీ ఆమె కాళ్ళ చుట్టూ మూగాయి. వదిన వాటినే చూస్తోంది. "తప్పయిపోయింది వదినా, క్షమించు" అన్నాను. ఇంత చిన్న మాట కోసం ముప్పై ఏళ్ళు తీసుకున్నాను.