ఈ పొద్దు ఓళిగలు బాగలేవు

తన అంగట్లో సరుకు బాగలేదని తానే చెప్పి గిరాకీని వెనక్కి పంపే వ్యాపారి కోయిలకుంట్లలో ఒక్కడే ఉన్నాడు. ఆయన పేరు వెంకటరమణయ్య. బస్టాండు దగ్గర ఓళిగల అంగడి, అంటే బొబ్బట్ల అంగడి. వాళ్లమ్మ ఇంట్లో చేసి తెలిసినవాళ్లకు అమ్మిన ఓళిగలతో మొదలైన వ్యాపారం కాబట్టి, అంగడికి ఆమె పేరే పెట్టాడు: 'వెంకటలక్ష్మమ్మ ఓళిగలు'. పసుపుపచ్చ బోర్డు మీద ఆమె ఫొటో ఉంటుంది. ముక్కుపుడక పెట్టుకుని, కాస్త కోపంగా చూస్తుంటుంది. ఫొటో తీసేవాడు నవ్వమన్నందుకు వచ్చిన కోపం అది అని కొడుకు చెబుతాడు.

కోడలు సుచరిత రాజంపేట నుంచి ఈ ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మామ వ్యాపారం చేసే తీరు చూసింది. ఆమె బీకాం చదువుకుంది. మూడేళ్లు చదివినదంతా ఒక్క పొద్దుటికే తలకిందులైంది.

రిటైరైన లెక్కల సారు పుల్లయ్య వచ్చి గల్లాపెట్టె ముందు నిలబడ్డాడు.

"సెట్టీ, రెండు ఓళిగలియ్యి."

"ఈ పొద్దు బాగలేవు సార్."

"ఏమైంది?"

"బెల్లంలో ఇసుక ఉండాది."

"పోయిన వారం పప్పు ఉడకలేదంటివి."

"అది పోయిన వారం సంగతి. పప్పు ఉడికినాక ఇసుక వచ్చింది."

పక్కనే లారీ డ్రైవరు ఏసేపు నాలుగో ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటున్నాడు. పుల్లయ్య సారు అతన్ని వేలితో చూపించాడు.

"మరి ఈయప్ప తింటాండాడు గదా?"

"ఆయప్ప ఇసుక లారీ తోల్తాడు సార్. అలవాటు."

"నాకైతే బాగనే ఉండాయి సెట్టీ," అన్నాడు ఏసేపు నోటినిండా ఓళిగతో.

"నువ్వు మాట్లాడాకప్పా. తిను."

పుల్లయ్య సారు వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆ వెనకాలే వచ్చిన కాలేజీ పిల్లకు వెంకటరమణయ్య అదే పెనం మీద నుంచి ఆరు ఓళిగలు తీసి, ఆకులో చుట్టి ఇచ్చాడు. సుచరిత వంటింట్లోకి వెళ్లి ఒకటి తిని చూసింది. ఇసుక లేదు. ఆమె పుట్టింట్లో కూడా అంత మెత్తటి ఓళిగ తిన్నది లేదు.

ఒక నెలపాటు ఆమె మామ చెప్పే సాకులు గమనించింది. నెయ్యి వాసన వస్తోంది. పూర్ణం పులిసింది. యాలకులు వేసినట్టు గుర్తులేదు. ఈ పొద్దు గ్యాస్ మంట సరిగా లేదు. శివరాత్రి మరునాడు తాలూకాఫీసు గుమస్తా ఒకాయనతో 'పెనం మాట వింటాలేదు' అని కూడా అన్నాడు. రోజుకు అయిదారుగురు ఇలా వెనక్కి పోయేవాళ్లు. వాళ్లు మళ్లీ వచ్చేవాళ్లు. మళ్లీ వెనక్కి పోయేవాళ్లు.

"మామా, బాగుండేవాటిని బాగలేవంటారేంది?" అని అడిగింది చివరికి.

"నాకు బాగలేవనిపిస్తే బాగలేవనే చెప్పాల గదమ్మా."

"నేనిప్పుడే తిన్నా. బాగుండాయి."

"నీది చిన్న నోరు. తెలీదు."

సుచరిత భర్త జ్ఞానేశ్వర్ పెనం దగ్గర ఉంటాడు. ఇరవై ఏళ్లుగా తాను చేసినవాటిని తండ్రి తన ముందే తిడుతుంటే వింటున్నాడు. "అలవాటవుతాదిలే" అన్నాడు భార్యతో.

అలవాటయ్యేలోపు ఎదురుగా రోడ్డవతల ఇంకో అంగడి వచ్చింది. పెట్టినవాడు ప్రదీప్‌కుమార్. అంతకుముందు సెల్‌ఫోన్లకు కవర్లు అమ్మేవాడు. బోర్డు అదే పసుపుపచ్చ. దాని మీద 'శ్రీ వెంకటలక్ష్మమ్మ ఒరిజినల్ ఓళిగలు' అని ఉంది. పక్కన ఒక ముసలామె ఫొటో. ఆమెవరో ఎవరికీ తెలియదు. ప్రదీప్‌కుమార్‌కు కూడా తెలియదు, ఇంటర్నెట్‌లో దొరికింది. ఈమె మాత్రం బ్రహ్మాండంగా నవ్వుతోంది.

అంతటితో ఆగితే బాగుండేది. ఒకరోజు అతను రోడ్డు దాటి వచ్చి, జనంలో నిలబడి, వెంకటరమణయ్య ఎవరితోనో 'ఈ పొద్దు బాగలేవప్పా, పో' అంటుంటే ఫోనులో వీడియో తీసుకున్నాడు. దాని కింద 'బాగలేవని ఆయనే చెబుతున్నాడు, బాగుండేవి ఎదురుగా ఉన్నాయి' అని రాసి ఊరంతా పంపించాడు. మూడు రోజుల్లో ఆ వీడియో రాజంపేటలో సుచరిత పిన్ని దాకా చేరింది.

సుచరిత దాన్ని మామకు చూపించింది. ఆయన రెండుసార్లు చూశాడు.

"నా గొంతు ఇంత సన్నగా ఉంటాదా?"

"మామా, గొంతు కాదు. మన పేరు పోతాండాది."

"పోతే మళ్లీ వస్తాదిలేమ్మా."

పేరు నిజంగానే పోయేలా ఉందని రెండు వారాల తర్వాత తెలిసింది. ప్రదీప్‌కుమార్ ఆ పేరును ట్రేడ్‌మార్కుగా తనకు రాసిమ్మని చెన్నై ఆఫీసుకు దరఖాస్తు పెట్టుకున్నాడు. అది చేతికి రాగానే ముసలాయన బోర్డు దించేయిస్తానని టీ అంగడి దగ్గర చెప్పుకుంటున్నాడు. ఆ మాట విన్న రోజు వెంకటరమణయ్య మధ్యాహ్నం అన్నం సగం వదిలేశాడు. తన సరుకును తాను ఎన్నయినా అంటాడు గానీ, అమ్మ ఫొటో దించడమంటే వేరే సంగతి.

సుచరిత ఆయన్ను బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయింది. అడ్వకేటు శ్రీవాసవి దగ్గర కూర్చోబెట్టింది.

"గడువులోపల మనం అభ్యంతరం వెయ్యాలి," అంది శ్రీవాసవి. "రెండు సంగతులు చూపించాలి. ఆ పేరుతో మీరే ముందునుంచి వ్యాపారం చేస్తున్నారని ఒకటి. ఆ అంగడిని చూసి జనం మీదే అనుకుని మోసపోతున్నారని ఇంకొకటి. పాత బిల్లులున్నాయా?"

"ఓళిగకు బిల్లేందమ్మా. తినిపోతారు."

"పేపర్లో ప్రకటనలు?"

"వేయలేదు."

"పోనీ, మీ ఓళిగలకు ఊళ్లో మంచి పేరుంది కదా?"

"ఏదో, ఉండాది."

"బాగుంటాయి కదా?"

"ఒగోసారి."

శ్రీవాసవి పెన్ను కింద పెట్టింది. "పెద్దాయనా, మీరు మన పక్షమేనా?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో సుచరిత గడువుకు ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. వెంకటరమణయ్య మాత్రం, అడ్వకేటు ఆఫీసులో ఇచ్చిన బిస్కెట్లు చాలా బాగున్నాయని చెప్పాడు.

ఆ తర్వాతి బుధవారం పొద్దున పదిగంటలకు పుల్లయ్య సారు భార్య తిరుపతమ్మ అంగట్లోకి వచ్చింది. కొంగు నడుముకు చుట్టి ఉంది. గల్లాపెట్టె ముందున్న జనం తమంతట తామే జరిగి దారిచ్చారు.

"ఏం సెట్టీ, ఇదేనా నువ్విచ్చిన మాట?"

"ఏం జరిగిందమ్మా?"

"మా ఆయప్పకు మూడు నూర్ల పది వచ్చింది షుగరు. నిన్నటేల కండ్లు తిరిగి వసారాలో పడిపోయినాడు. యాడ తిన్నావయ్యా అంటే వెంకటలక్ష్మమ్మ అంగట్లో నాలుగు తిన్నా అంటాండాడు. ఇన్నేండ్లు నీ మీద నమ్మకం పెట్టుకోనుంటే, నాలుగిస్తావా?"

"నేనియ్యలేదమ్మా."

"మరి ఆయప్ప అబద్ధం చెప్తాండాడా?"

వెంకటరమణయ్య రోడ్డవతలి బోర్డు వైపు చూశాడు. తిరుపతమ్మ కూడా తిరిగి చూసింది. పేరు చదివింది. ముసలామె నవ్వు చూసింది. "వీడా," అంది.

సుచరిత గల్లాపెట్టె వెనక నుంచి వచ్చింది. "ఏం మాటమ్మా? మా మామ మీకేం మాటిచ్చినాడు?"

"నీకు చెప్పలేదా? మా ఆయప్పకు షుగరని తెలిసిన పొద్దే ఈడికొచ్చి చెప్పినా, ఆయప్పకు అమ్మొద్దు సెట్టీ అని. నేనొక్కదాన్నేనా. తాలూకాఫీసాయన పెండ్లాము చెప్పలేదా, మా పక్కింటి శివలీల చెప్పలేదా? ఇంట్లో దాస్తాము. బజార్లో ఎవరు దాస్తారు?"

సుచరిత మామ వైపు తిరిగింది. "ఎంతమంది మామా?"

"ముప్పైనాలుగు," అన్నాడు ఆయన, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు.

"షుగరుంది, ఇయ్యనని చెప్పొచ్చు గదా? మన సరుకును తిట్టేదెందుకు?"

"పరువుగల మనుషులమ్మా. పది మంది ముందర నీకు జబ్బుండాది, నీకియ్యను, నీ పెండ్లాం చెప్పిందంటే ఆయప్ప మొగమేం కావాల? ఓళిగను తిడితే ఓళిగకు సిగ్గేముండాది."

పెనం దగ్గర జ్ఞానేశ్వర్ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఇరవై ఏళ్ల తిట్లు ఒక్కసారిగా అతని మీద నుంచి దిగిపోయినట్టున్నాయి. ఒక ఓళిగ మాడింది. అంగడి చరిత్రలో నిజంగా బాగలేని ఓళిగ అదే.

సుచరిత అప్పటికే లోపలికి వెళ్లి శ్రీవాసవికి ఫోను చేస్తోంది. పాత వాడకానికి సాక్షులు, జనం మోసపోతున్నారనడానికి సాక్ష్యం, రెండూ కొంగు నడుముకు చుట్టుకున్న ఒకే మనిషి రూపంలో నడిచి వచ్చాయి. కానీ వెంకటరమణయ్య అడ్డం తిరిగాడు.

"ఆళ్ల పేర్లు నేను చెప్పను. అమ్మ బోర్డు దించినా సరే, చెప్పను."

"నిన్నెవరు చెప్పమన్నారు?" అంది తిరుపతమ్మ. "నా పేరు నేను చెప్పుకుంటా. తక్కినోళ్లను నేను పిల్చుకొస్తా. చెన్నైకి పోయే కాయితాలు మా ఆయప్ప చదువుతాడా? కరెంటు బిల్లే చదవడు."

పదిరోజుల్లో ముప్పైనాలుగు అఫిడవిట్లు తయారయ్యాయి. అన్నీ ఒకే తీరుగా ఉన్నాయి. ఫలానా తేదీన నా భర్తకు షుగరు ఉన్నట్టు తేలినది. అదే దినము నేను బస్టాండులోని వెంకటలక్ష్మమ్మ ఓళిగల అంగడికి పోయి, నా భర్తకు అమ్మవద్దని కోరితిని. ఆనాటి నుంచి నేటివరకు అమ్మలేదు. తేదీకి రుజువుగా ఒక్కొక్కదానికి వెనక రక్తపరీక్ష కాగితం కుట్టి ఉంది. అన్నిటికన్నా పాతది 2004 నాటిది. ఆడవాళ్లు పెళ్లిఫొటోలు పోగొట్టుకుంటారేమో గానీ, మొగుడి షుగరు కాగితాలు పోగొట్టుకోరని శ్రీవాసవికి అప్పుడే తెలిసింది. ఫైలుకు దారం కడుతూ, "సరుకు అమ్మలేదని చూపించి పేరు నిలబెట్టుకునే కేసు నాకిదే మొదటిది" అంది.

ఆ కాగితాల నకళ్లు ప్రదీప్‌కుమార్ లాయరుకు చేరాయి. ఆయన మొత్తం చదివి, క్లయింటును పిలిచి చెప్పాడు. "వీటిని కాదనాలంటే ఈ ముప్పైనలుగురు ఆడవాళ్లను పిలిచి ప్రశ్నలడగాల. నేను పిలవను. నువ్వు పిల్చుకుంటానంటే ఇంకో లాయర్ని చూసుకో."

ప్రదీప్‌కుమార్ దరఖాస్తు వెనక్కి తీసుకున్నాడు. ఆ సాయంత్రం రోడ్డు దాటి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయింది సెట్టీ. బోర్డు తీసేస్తా. అంగడి కూడా మూసేస్తా."

"అంగడి మూసేదెందుకప్పా? మీ అవ్వ పేరేంది?"

"హులిగెమ్మ."

"ఆయమ్మ చేసిన ఓళిగలు నేను తిన్నా. ఆదోని నుంచి వచ్చినామె. పూర్ణంలో కొబ్బెర వేసేది. మా యమ్మ కంటే బాగా చేసేది. ఇంత మంచి పేరు ఇంట్లో పెట్టుకోని, మా యింటి పేరుకొస్తివి."

సుచరిత గట్టిగా దగ్గింది. ఎదుటివాడి సరుకు బాగుంటుందని మామ ఒప్పుకుంటే, రేపు ఇంకో వీడియో వస్తుంది. కానీ ప్రదీప్‌కుమార్ ఫోను జేబులోనే ఉంది. అతను నేల చూస్తున్నాడు.

రెండు వారాలకు రోడ్డవతల 'హులిగెమ్మ కొబ్బెర ఓళిగలు' అని ఆకుపచ్చ బోర్డు లేచింది. టెంకాయ కొట్టడానికి వెంకటరమణయ్యే వెళ్లాడు. పోతూ పోతూ ఒక కాగితం మడిచి ప్రదీప్‌కుమార్ చేతిలో పెట్టాడు. దాని మీద ముప్పైనాలుగు పేర్లున్నాయి.

"ఈళ్లకు అమ్మాకప్పా."

"ఏమని చెప్పాల సెట్టీ?"

"ఏదన్నా చెప్పు. కొబ్బెర కుళ్లిందని చెప్పు."

"మొదటి రోజేనా?"

"మొదటి రోజైతేనే నమ్ముతారు."

మరుసటి సోమవారం పుల్లయ్య సారు ముందు ఇటు వచ్చాడు. నెయ్యిలో ఈగ పడిందని విన్నాడు. రోడ్డు దాటి అటు పోయాడు. అక్కడ ప్రదీప్‌కుమార్, ఇంకా అలవాటు లేనందువల్ల, కొబ్బెర కుళ్లింది, బెల్లం కూడా కుళ్లింది, పప్పు కూడా కుళ్లింది అని మూడూ ఒకేసారి చెప్పాడు. సారు కాసేపు రోడ్డు మధ్య నిలబడ్డాడు. తర్వాత బస్టాండులోకి నడిచి, నంద్యాల బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాడు.

వెంకటరమణయ్య ఆ బస్సు కనుమరుగయ్యేదాకా చూశాడు. తర్వాత కోడల్ని పిలిచాడు.

"అమ్మా సుచరితా, నంద్యాల బస్టాండులో ఓళిగలు చేసేవాళ్ల నంబరేమన్నా ఉందేమో ఆ ఫోన్లో చూడు. బస్సు చేరేదానికి గంటన్నా పడుతాది."