అబిగయీలు పుట్టిన ఊరు

మైపాడు చర్చిలో కొత్త సంవత్సరం ఆరాధన అంటే ఆనందకుమారి సాక్ష్యం ఉండి తీరాలి. దేవుడు తమకు చేసిన మేలును నలుగురి ముందూ లేచి చెప్పుకోవడం అక్కడి ఆనవాయితీ. ఎండుచేపలు అమ్ముకు బతికే ఆనందకుమారికి దేవుడు చేసిన మేలు ఒక్కటే. దాని పేరు అబిగయీలు.

"లంకలో యుద్ధం జరిగేటప్పుడు వాళ్ల నాయన ఈ బిడ్డను పడవలో వేసుకొని వచ్చినాడు. తల్లి ఆడే పోయింది. ఆయన మన పడవల్లో పనికి కుదిరినాడు. బిడ్డను నా కాడ వదిలి చేపల వేటకు పోయి, మళ్లా రాలేదు. గొడ్రాలని అందరూ అన్న నా ఒడి దేవుడు నింపినాడు," అంటూ కొంగుతో కళ్లు ఒత్తుకునేది.

ముందు వరసలో కూర్చున్న అబిగయీలు ఊరుకునేదా? "అమ్మా, నేను వేసుకొచ్చిన పచ్చగౌను మర్చిపోయినావు!" అని అందించేది. చర్చంతా నవ్వేది. తన కథంటే ఆ పిల్లకు అంత ముద్దు. రెండేళ్లప్పుడు వచ్చిన పిల్ల, తమిళం ఒక్క ముక్క రాదు. లంక అంటే బైబిల్లో వినే ఏదో దూరపు ఊరి లాంటిదే ఆమెకు.

బడిలో చేర్చినప్పుడు పుట్టిన ఊరు మైపాడని రాయించారు. ఆ తర్వాత ఎవరూ అడగలేదు. అబిగయీలు నర్సింగు పూర్తి చేసింది. కృష్ణపట్నంలో ఒక కంపెనీ ఆసుపత్రిలో ఉద్యోగం వచ్చింది. తెల్లబట్టలు కూడా కుట్టించుకుంది. ఇక పోలీసు విచారణ ఒక్కటే మిగిలింది.

హెడ్ కానిస్టేబుల్ పద్మనాభయ్య ఇంటికి వచ్చిన రోజు ఆమె నెల్లూరు వెళ్లింది. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి తల్లి ముఖం వెలిగిపోతోంది.

"పోలీసాయన శానా మంచోడు పాపా. నీ పుట్టుక గురించి అడిగితే సాక్ష్యం మొత్తం చెప్పినాను. పచ్చగౌను కూడా మర్చిపోలేదు. ఆయన కళ్లల్లో నీళ్లు తిరిగినాయి."

అబిగయీలు చేతిసంచి కింద పెట్టింది. "అంతా చెప్పినావా అమ్మా?"

"దాచేదానికి మనమేమన్నా దొంగతనం చేసినామా?"

తల్లిని ఎలా తిడుతుంది? ఏటేటా మర్చిపోయిన ముక్కలు అందించింది తనే కదా.

పద్మనాభయ్య కన్నీళ్లు నిజమే. అయినా విన్నది పై అధికారులకు రాయక తప్పలేదు. ఉద్యోగం పోయింది, కేసు మీద పడింది. నెల్లూరులో లాయరు ప్రత్యూష ఉన్నమాట చెప్పేసింది.

"కాగితాలు లేకుండా వచ్చినవాళ్లు చట్టానికి అక్రమంగా వచ్చినవాళ్లేనమ్మా. పౌరసత్వం అడిగే దారి కూడా లేదు."

"రెండేళ్ల బిడ్డయినా?" అని అడిగింది అబిగయీలు.

"వయసు చూడదు."

రెండేళ్ల బిడ్డ పాసుపోర్టు సంగతి కనుక్కుని మరీ నాన్న చంకెక్కాలన్నమాట! ఆ చట్టం రాసినవాళ్లు ఎప్పుడైనా పిల్లల్ని ఎత్తుకున్నారో లేదో.

జనవరి దాటగానే తమిళనాడులోని శరణార్థుల శిబిరానికి పంపాలని ఉత్తర్వు వచ్చింది. భాష రాని చోట తను ఎలా బతుకుతుందన్న దిగులు కన్నా, ఈ ఇంట్లో అమ్మ ఒక్కతే అన్నం ఎలా తింటుందన్న దిగులే అబిగయీలును తినేసింది.

కొత్త సంవత్సరం రోజు పాస్టరు సుశీల్ కుమార్ గారు సాక్ష్యాలు చెప్పమన్నారు. అందరి చూపూ ఆనందకుమారి మీదికే పోయింది. "వద్దులేమ్మా," అని అబిగయీలు చెయ్యి పట్టుకుంది. తల్లి విడిపించుకుని లేచింది.

"ఈ బిడ్డను నేనే కన్నాను," అంది. "ఈ మైపాడులోనే, మా ఇంట్లోనే. ఆ పొద్దు పెద్దవాన. నొప్పులు తట్టుకోలేక అరిచినాను. ఆదిశేషమ్మక్క వచ్చి పురుడు పోసింది."

అక్కడున్న అందరూ ఏటేటా అసలు కథ విన్నవాళ్లే. వెనక నుంచి ముసలి ముత్యాలయ్య "ఆమెన్" అన్నాడు. తర్వాత పాస్టరు గారు అన్నారు. తర్వాత చర్చంతా అంది.

ఆనందకుమారి కూర్చుని, కూతురి చెవి దగ్గరికి వంగింది.

"ఏమన్నా మర్చిపోయినానా పాపా?"

"లేదమ్మా," అంది అబిగయీలు.