బొట్టు పెట్టిన అడాప్టర్

వేలెడంత ప్లాస్టిక్ ముక్క ఒక మనిషిని ఎంత అల్లరిపాలు చేయగలదో తెలుసుకోవాలంటే నా కొండాపూర్ రోజుల గురించి వినాల్సిందే. నోట్లో ఏదైనా ఉంటే ముందు మింగేయండి. పొలమారితే నా పూచీ లేదు.

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న కాలమది. బందు లేని వారం వచ్చిందంటే క్యాలెండర్ తప్పు వేశారేమో అనుకునేవాళ్లం. బందు రోజున మా కంపెనీ వాళ్లు, రోడ్లు మూసేలోపే మమ్మల్ని తెల్లవారుజామున మాదాపూర్ ఆఫీసుకు తోలుకొచ్చి, గొడవ సద్దుమణిగేదాకా అక్కడే ఉంచేవాళ్లు. ఒక్కోసారి రాత్రికి కాన్ఫరెన్స్ హాలు కార్పెట్టే పరుపు. మాకైతే అదో పిక్నిక్. కానీ మా టీములో రజితకు పాలు మరవని పాప ఉంది, ఇల్లేమో జీడిమెట్ల. బందన్న మాట వింటేనే ఆమె కళ్లలో నీళ్లు తిరిగేవి.

"సార్, ఇంటి నుంచి పని చేస్తం" అని ఆమె మా మేనేజర్ సత్యనారాయణ గారిని అడిగింది. ఆయనది కాకినాడ. ఎంత మెత్తగా మాట్లాడతారో అంత గట్టిగా పట్టు పడతారు.

"అది కుదిరే పనేనండీ? ఎవరైనా ఒకరు ఒక బందు రోజు చేసి చూపించండి. అప్పుడు అందరికీ ఇస్తానండి."

"నేను చూపిస్తా సార్" అని చెయ్యెత్తేశాను. ఆ వయసులో నా చెయ్యి నా బుర్రకంటే ముందు లేచేది.

"మీరా అండీ?" అన్నారాయన, నమ్మకం ఏమాత్రం లేకుండా.

"నెట్‌వర్క్ సంగతులు నాకు కొట్టిన పిండి సార్."

బయటికొచ్చాక రజిత నా దగ్గరికొచ్చి, "అన్నా, జర మంచిగ చెయ్యి. నీ మీదనే ఉన్నది" అంది. నేను అభయహస్తం చూపించాను.

ఆఫీసు మొత్తంలో అతి ముసలి లాప్‌టాప్ నా వాటాకొచ్చింది. దానికి తీగతో నెట్ రాదు, తీగ లేకుండానూ రాదు. అందుకని కంపెనీ వాళ్లు యు.ఎస్.బి.లో గుచ్చే కొత్త వై-ఫై అడాప్టర్, దాని డ్రైవర్ సీడీ ఇచ్చారు. సరిగ్గా దసరా ముందు. కొత్త వస్తువు, పైగా ఆయుధ పూజ! స్కూటర్ కొంటేనే నిమ్మకాయలు తొక్కించే వంశం మాది, అడాప్టర్‌ను ఊరికే వాడతానా? అనంతపురం నుంచి మా అమ్మ ఫోన్లో చెప్తుండగా లాప్‌టాప్‌కి, అడాప్టర్‌కి, కూరల కత్తికి శాస్త్రోక్తంగా గంధం, కుంకుమ పెట్టి కర్పూరం వెలిగించాను. కత్తికంటే అడాప్టర్‌కే ఎక్కువ పెట్టాను. ఎంతైనా అన్నం పెట్టేది అదే కదా!

పండగ మర్నాడే బందు. పొద్దున్నే స్నానం చేసి అడాప్టర్‌ను కళ్లకద్దుకుని గుచ్చాను. సీడీ పెట్టాను. 'పరికరం కనబడలేదు' అంది. ఎదురుగా ఉంటే కనబడకపోవడమేమిటి? తీసి మళ్లీ పెట్టాను. కనబడలేదు. రీస్టార్ట్ చేశాను. యాంటీవైరస్‌ను అనుమానించి ఆపేశాను. డివైస్ మేనేజర్ తెరిస్తే పసుపు రంగు త్రికోణంలో ఆశ్చర్యార్థకం నన్ను చూసి ఆశ్చర్యపోతోంది. సీడీని లుంగీతో తుడిచాను. చివరికి విండోస్ మొత్తం ఊడబెరికి మళ్లీ ఎక్కించాను. ఆఖరున అదే మాట: కనబడలేదు. పూజ చేసిన వస్తువు పనిచేయకపోవడమేమిటని నాకు దేవుడి మీద కూడా కొంచెం కోపమొచ్చింది.

ఇంటి ఓనర్ యాదయ్యన్న గులాబీ కండువా వేసుకుని తొంగి చూశాడు. కింద ఆయన ఇంట్లో ఉన్న వై-ఫై మీదే నా ఆశలన్నీ.

"ఏంది సార్, గిట్ల పరేషాన్ ఉన్నరు? చాయ్ తాగిన్రా?"

"నెట్టు రాలేదన్నా. ఏం జేసినా డ్రైవర్ ఎక్కడంల్యా."

"మేం దుకాణాలే బంద్ జేసినం. మీరు ఇంటర్నెట్ గూడ బంద్ వెట్టిన్రా? రాయలసీమోళ్లు గింత మద్దతిస్తరని నేననుకోలె!" అని పడీ పడీ నవ్వి, "ఇగ నేను వోతున్న. రోడ్డు మీదనే వంటలు. ఆకలైతే రాండ్రి" అని దిగిపోయాడు.

ఇంతలో ఫోను. సత్యనారాయణ గారు. "ఏవండీ, మీరు ఆన్‌లైన్లో కనబడటం లేదేంటండీ?"

"వస్తున్నా సార్!" అన్నాను. నిజంగానే వెళ్లాను, నడిచి. బస్సుల్లేవు, ఆటోల్లేవు. లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని కొండాపూర్ నుంచి మాదాపూర్‌కు ఎండలో నడిచాను. దారిలో యాదయ్యన్న గరిటె ఊపుతూ పిలిచి, విస్తరాకులో పులిహోర పెట్టాడు. ఓడిపోయినవాడి నోటికి కూడా పులిహోర రుచిగానే ఉంటుందని ఆ రోజు తెలిసింది.

ఆఫీసులో అడుగు పెట్టగానే టీమంతా లేచి నిలబడింది. రజిత మొహం చూడలేకపోయాను. నిజంగా సిగ్గేసింది.

"ఇంటి నుంచి పనిచేయడానికి ఆఫీసుకొచ్చారాండీ?" అంటూ సత్యనారాయణ గారు అడాప్టర్ అందుకున్నారు. వెలుతురుకు ఎత్తి, దాని లోహపు మూతిలోకి ఒంటికన్నుతో చూశారు.

"లోపల ఎర్రగా ఏంటండీ ఇది?"

"కుంకుమ సార్."

"దాని వెనకాల?"

"గంధం సార్. నిన్న దసరాకి..."

ఆయన నవ్వలేదు. తన లాప్‌టాప్ మూత మూసి నా వైపు తిప్పారు. మూత మధ్యలో ముచ్చటైన గంధం బొట్టు, దాని మీద కుంకుమ. "నేనూ పూజ చేస్తానండీ. బొట్టు నుదుట పెట్టాలండీ. మీరు నోట్లో కుక్కారు."

హాలు పగిలిపోయేలా నవ్వారు. రజిత నవ్వు ఆపుకోలేక కుర్చీలో కూలబడింది. ఆయన గుండుసూదితో ఎండిపోయిన గంధం గీకి, గుడ్డతో తుడిచి, అడాప్టర్ గుచ్చారు. పొద్దుట్నుంచీ నన్ను ఏడిపించిన డ్రైవర్ బుద్ధిమంతుడిలా ఇన్‌స్టాల్ అయి కూర్చుంది.

"తప్పు నెట్‌వర్క్‌ది కాదని తేలిపోయిందండి. రజిత గారూ, వచ్చే బందు నుంచి మీరంతా ఇంటి నుంచే చెయ్యండి" అన్నారాయన. రజిత అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేసేసింది. తర్వాత ఆయన నా వైపు తిరిగారు. "మీరు మాత్రం ముందురోజు సాయంత్రమే వచ్చేయండి. ఇంట్లో మిమ్మల్నీ కుంకుమనూ ఒక్కచోట ఉంచలేనండి."

తర్వాతి బందుకు ముందురోజు రాత్రి, అంత పెద్ద కాన్ఫరెన్స్ హాల్లో ఒంటరిగా కార్పెట్ మీద పడుకుని, కుడిచెయ్యి గుండెల మీద పెట్టుకుని ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇంక ఏ యంత్రానికీ రంధ్రం ఉన్న వైపు నుంచి భక్తి చూపించను.