పేజీ తిప్పే చోటు

బీట్‌రూట్ పండించే రైతు కొడుకు వీగాంతాస్ పదిహేనేళ్లు చెల్లో అనే పెద్ద తీగవాద్యం వాయించి, చివరికి కౌనాస్ నగర వాద్యబృందానికి నిర్దేశకుడయ్యాడు.

అన్నేళ్లూ అతని పక్కన కూర్చున్నది గెనొవైతె. ఇద్దరికీ ఒకటే స్టాండు, ఒకటే స్వరాల పుస్తకం. లోపలివైపు కూర్చున్నవాళ్లు వాయింపు ఆపి పేజీ తిప్పాలి. అంటే ఆవిడే.

అతను నిర్దేశకుడయ్యాక మూడో రోజు రిహార్సల్లో, అసలైన రాగం అందుకునే చోట చెల్లోల నాదం పలచబడింది. వీగాంతాస్ చేయెత్తి ఆపాడు.

"గెనొవైతె, అక్కడ చేతులు ముడుచుకుని కూర్చుంటావేంటి? నిద్దరొస్తోందా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"అక్కడ పేజీ తిప్పుతానండీ. మీ పక్కన కూర్చున్నప్పుడూ అక్కడే తిప్పేదాన్ని. మీరు వాయింపులో ఉండి చూసుండరు."

మొన్నటిదాకా "ఒరేయ్" అన్న మనిషి. ఆ "అండీ" అతనికి చెంపదెబ్బలా తగిలింది.

విరామంలో అందరూ కాఫీకి పోయాక, వెళ్లి ఆవిడ పక్కన కూర్చున్నాడు. "ఈసారి నేను తిప్పుతా. నువ్వు వాయించు."

ఆవిడ మొదలుపెట్టింది. అతను సమయానికే పేజీ తిప్పాడు. వెంటనే కమాను తడబడింది. ఆవిడ మళ్లీ ఎత్తుకుంది, మళ్లీ తడబడింది.

"ఈ రెండు వరుసలూ నాకు రావురా," అంది సిగ్గుపడుతూ. "ఎప్పుడూ వాయించలేదుగా."

వీగాంతాస్‌కు ఊళ్లో పేరొచ్చింది ఆ రెండు వరుసలకే. తలెత్తి ఆవిడ మొహం చూడలేక, ఆవిడ బొటనవేలికి నలిగి నల్లబడ్డ ఆ పేజీ మూలనే చూస్తూ ఉండిపోయాడు.