గుండ్లగుట్ట మీద మూగనోము

నా చిన్నప్పుడు నాలుగో తరగతి రెండుసార్లు చదివిన ఘనత మా ఊళ్లో నా ఒక్కడిదే. మూడోసారి కూడా కూర్చోబెడితే కొత్త పిల్లలు నన్నే సారు అనుకుంటారని భయపడి మా నాయన బడి మాన్పించాడు. అలా తీరిక దొరికిన నాకు మా పెద్దనాయన కొడుకు, నాకంటే ఏడాది పెద్ద, తోడయ్యాడు. మా ఊరు ఇడపనూరు దాటాక మా చేల వెనక గుండ్లగుట్ట ఉంది. పెద్ద గుట్టేం కాదు. ఇళ్లంతేసి రాతిగుండ్లు ఒకదాని మీద ఒకటి పడేసినట్టు ఉంటాయి, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు. ఒక పగలంతా తిరిగి, ఫలాలు తెంపుకొని రావాలని ఇద్దరం అనుకున్నాం.

ఆ గుట్ట మీదే మేకలు కాసి ముసలివాడైన మా తాతయ్య, మేం పోతున్న సంగతి విని, బొగ్గుముక్క తెచ్చి అరుగు మీద గుట్ట బొమ్మ గీశాడు. పొద్దు బాగా ఎక్కాకే బయలుదేరాలి. తూర్పు దారినే ఎక్కి, అదే దారిన దిగాలి. నడుమ వాననీళ్లు నిలిచే దొన దగ్గర రొట్టెలు తినాలి. గుట్ట నీడ మా చేనిగట్టును తాకేలోపు కింద ఉండాలి. "సీతాఫలాలకా తాతా, రాయచూరు కోట మీద దాడికా?" అన్నాను. ఆయన నవ్వలేదు.

"నవ్వుతె నవ్వు గని, గీ మాట యాదిల పెట్టుకో. గుండ్ల కాడ నోరు మూసుకోని నడవొద్దు. సందుల గుడ్డేలుగు పండుకోని ఉంటది. మనిషి సప్పుడు ఇంటే అదే లేసి పోతది. ఇనకపోతే బెదిరి మీద వడ్తది."

గుడ్డేలుగంటే ఎలుగుబంటి. వాగడం ఒక్కటే నాకు వచ్చిన విద్య గనక ఆ షరతు నాకు బాగా నచ్చింది.

ఎక్కడం అనుకున్నట్టే సాగింది. గుండు గుండుకీ కేకలు పెట్టాం, దొన దగ్గర జొన్నరొట్టెలు తిన్నాం, సంచి నింపాం. తగాదా చివరి ఫలం దగ్గర వచ్చింది. చెట్టెక్కలేక జారిన అన్నను చూసి, మీ అమ్మ వచ్చి ఎత్తుకోవాలా అన్నాను. నా చెంప పగిలింది. నేను రాయి తీసుకొని కొట్టాను. వాడి కనుబొమ్మ చీలి రక్తం కంట్లోకి కారింది. వాడు నా మెడ పట్టి ముఖాన్ని బండకేసి గుద్దాడు. పన్ను విరిగింది. ఆ చేతిని విరిగిన పంటితోనే కొరికాను. ఊపిరి అందక ఇద్దరం విడిపోయాం. ఆ తరువాత ఒకరి ముఖం ఒకరు చూడలేదు. సంచి అక్కడే వదిలేసి, వాడు ముందు, నేను వెనక, ఒక్క మాట లేకుండా దిగసాగాం.

రెండు గుండ్ల నడుమ ఇరుకుదారిలో నల్లటి గొంగడి లేచినట్టు అది లేచింది. అన్న అరిచేలోపే కిందపడ్డాడు. తొడ మీద గోళ్లు దిగి, లాగు, చర్మం కలిసి చిరిగాక గానీ వాడి కేక బయటికి రాలేదు. అంత వాగుడుకాయనూ నోరు తెరుచుకొని నిలబడిపోయాను.

మా తాతయ్య కట్టెల నెపంతో పొద్దుటి నుంచీ గుట్ట కిందే ఉన్నాడట. అన్న కేక విని గొడ్డలితో వచ్చాడు. అది వాణ్ని వదిలి ఆయన మీదికి తిరిగింది, ఎడమ చేతిని నోట కరిచింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. ఆయన గొడ్డలి మొద్దువైపుతో దాని ముక్కు మీద కొడుతూనే నా మీద అరిచాడు: "ఒర్రురా! సూస్తవేంది, ఒర్రు!" అప్పుడు వచ్చింది నా గొంతు. తెలుగులో, కన్నడలో, ఉర్దూలో తెలిసిన బూతులన్నీ అరిచాను, చేతికందిన రాళ్లన్నీ విసిరాను. ఇంకో దెబ్బ పడ్డాక అది చెయ్యి వదిలి గుండ్లలోకి పోయింది.

ఎడ్లబండిలో రాయచూరు ఆసుపత్రికి పోతుంటే తాతయ్య చేతికి చుట్టిన పంచె ఎర్రగా నానుతోంది. ఆయన పోతాడనే అనుకున్నాం. ముందు ఎవరు కొట్టారని మా నాయన నా మీద చెయ్యి ఎత్తితే తాతయ్య వారించి, మమ్మల్నిద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టుకున్నాడు. "నాకు నిద్రొస్తున్నది. పండుకుంటే లేవనేమో. మీరిద్దరు ఏదన్న మాట్లాడుకుంట ఉండుండ్రి, ఇంటుంట" అన్నాడు. మొదటి మాట పలకడానికే మా ప్రాణం పోయినంత పనైంది. "కాలు నొస్తున్నదా?" అన్నాను. "నీ పన్నో?" అన్నాడు వాడు. రాయచూరు వచ్చేదాకా ఆపలేదు. తాతయ్య బతికాడు. ఎడమ చేతి రెండు వేళ్లు మాత్రం మళ్లీ ముడుచుకోలేదు. ఆ నిద్ర నిజంగా వచ్చిందో, మా కోసం తెచ్చుకున్నాడో, అడిగితే ఎన్నడూ చెప్పలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. ఎవరితోనైనా కొట్లాడవచ్చు గానీ మౌనంగా పక్కకు పోకూడదన్నదే ఆ బండిలోంచి నేను దించుకున్న మూట. ఇంట్లో ఎంత పెద్ద తగాదా అయినా, ఆ వెంటనే ముందు మాట నాదే. మొన్న ఈ కథంతా చెప్పి గొప్పలు పోతుంటే మా ఆవిడ కూర కలుపుతూ, తల కూడా తిప్పకుండా అంది:

"గా గుడ్డేలుగు తాత చెయ్యి ఇడిసిపెట్టి నీ నాలుక కొరికినా బాగుండు. లగ్గమైన కాడికెల్లి ఒక్క పూటన్న నన్ను కడుపునిండ అలగనిస్తివా?"