తొట్టెల ముందురోజు మొరాయించిన కంప్యూటరు

మొన్న మధ్యాహ్నం భోజనాలయ్యాక మా చెల్లెలి కూతురు తన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద అలాగే తెరిచిపెట్టి, అప్‌డేట్ అయ్యేదాకా ఇక తనకు పని లేదంటూ మంచం మీద వాలిపోయింది. దానికి హైదరాబాదులో ఉద్యోగం, వీలు దొరికినప్పుడల్లా బాన్సువాడ వచ్చి మా ఇంట్లోనే కూర్చుని పని చేసుకుంటుంది. నేను చేటలో పెసలు పోసుకుని రాళ్లు ఏరుతూ యథాలాపంగా తలెత్తి చూశాను. నీలం తెర మీద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి, వాటి కింద కంప్యూటరును ఆపవద్దని ఒక ముక్క రాసి ఉంది. చేట పట్టుకునే లేచి నిలబడి ముందు పైన బల్బు వంక, ఆ తరువాత గోడ మీది కరెంటు బోర్డు వంక చూశాను. పిల్ల నన్ను చూసి పకపకా నవ్వింది. ఆ ఒక్క ముక్క మూలంగా ఒకనాడు తనకు పేరే లేకుండా పోయేదని దానికేం తెలుసు!

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లు అయి ఉంటుంది. నేను అప్పుడు సర్కారు బడిలో చిన్న తరగతులకు చెప్పేదాన్ని, మా ఆయనకు కోటగిరి వైపు వరి పొలం. అమ్మ పోయిన తరువాత పుట్టిల్లనేది లేకుండా పోయింది కాబట్టి చెల్లెలి తొలి కాన్పు మా ఇంట్లోనే జరిగింది. ఆడపిల్ల పుట్టింది. తండ్రి, అంటే మా మరిది, గల్ఫులో ఉన్నాడు. పట్నానికి దూరంగా ఎక్కడో క్యాంపులో పని, శుక్రవారం సెలవునాడు మాత్రం నలుగురితో కలిసి బండి మాట్లాడుకుని పట్నం వచ్చి ఇంటర్నెట్ దుకాణంలో కూర్చునేవాడు. అతను పట్టుబట్టి కొనిపించిందే మా ఇంట్లోని కంప్యూటరు. దాని నెత్తిన గుడ్లగూబ కన్నులా చిన్న కెమెరా ఉండేది. ఆ రోజుల్లో కంప్యూటరుకు మనం చేసిన మర్యాదలు మీకు గుర్తుండే ఉంటాయి. చెప్పులు బయట విడిచి రావడం, కుట్టుపని చేసిన గుడ్డ కప్పడం, దసరానాడు నాగళ్లతో పాటు దానికీ పసుపు కుంకుమ పెట్టడం. మా అత్త అయితే దాని ముందు కాళ్లు చాపుకుని కూర్చునేది కాదు.

మా వైపు పసిపిల్లకు ఎవరి పోలిక వస్తే వాళ్ల పేరు పెట్టుకోవడం మామూలు. పుట్టిన ఇరవయ్యొకటో రోజున తొట్టెలలో వేసి ఆ పేరు చెవిలో చెబుతారు. పిల్లది మా అత్త కంటికి ఒకరిలా, మద్నూరు నుంచి వచ్చే వియ్యపురాలి, అంటే మరిది తల్లి, కంటికి ఇంకొకరిలా కనిపిస్తుండేది. మరిది పట్నం వచ్చి ఫోను చేసినప్పుడు అడిగితే, ముఖం చూడకుండా పేరెట్ల పెడతారు వదినె, తొట్టెల శుక్రవారమే వచ్చింది గదా, చూసి నేనే చెబుతానన్నాడు. కన్నబిడ్డను కళ్లతో చూడని తండ్రి అడిగిన కోరిక అది, ఎవరు కాదంటారు? తొట్టెల దాకా బాలింతా బిడ్డా గది గడప దాటకూడదు కాబట్టి చెల్లెలు ఆ శుక్రవారం కోసమే రోజులు లెక్క పెట్టుకుంటూ ఉంది.

ఇక్కడ మా ఆయనకూ కరెంటుకూ ఉన్న పగ గురించి కాస్త చెప్పాలి. పొలానికి కరెంటు వచ్చేదే రెండు విడతలుగా, వచ్చినా ఒక్కోసారి మూడు ఫేజుల్లో ఒకటి మాయమై వచ్చేది. అలాంటప్పుడు మోటరు తిరగలేక, ఆగలేక మూలిగి మూలిగి లోపల తీగ మాడిపోయేది. అలా ఎన్ని మోటార్లు కాల్చుకున్నాడో, నారు ఎండుతుంటే ఎన్నిసార్లు కాలిన మోటరును బండి మీద వేసుకుని బాగుచేయించడానికి పరిగెత్తాడో ఆయనకే తెలియాలి. అందుకే కరెంటు తగ్గి బల్బు ఎర్రబడిందంటే ఫ్యూజు పీకడం ఆయనకు ఊపిరి తీసినంత అలవాటైపోయింది. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంచి ఎడమచేత్తో పీకి వచ్చి మళ్లీ ముద్ద పెట్టుకునేవాడు. మా పెళ్లి పందిట్లో లైట్లు మినుకుమన్నప్పుడు, చేతిలో తాళి ఉండగానే ఈయన కళ్లు మెయిన్ బోర్డు కోసం వెతికాయని మా వాళ్లు ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. ఆయన లెక్కలో ఆపడమంటే కాపాడడమే.

గురువారం పొద్దున నేను బడికి సెలవు పెట్టి ఇంటి పనుల్లో ఉన్నాను. కెమెరా ఒకసారి చూసిపెట్టమని చెల్లెలు గదిలో నుంచి కేకేస్తే కంప్యూటరు తెరిచాను, నా ముఖం నాకే కనిపించింది, సరేనని మూసేశాను. మూస్తుంటే అది తనంతట తాను ఏవో కొత్తవి ఎక్కించుకుంటున్నానని, అయిపోయేదాకా కరెంటు ఆపవద్దని ఇంగ్లీషులో రాసింది. ఎవరడిగారు దాన్ని? నా ఇంట్లో, నా బల్ల మీద కూర్చుని, నాతో ఒక మాటైనా అనకుండా తన లోపల తాను మార్పులు చేసుకునే వస్తువును నేను అంతకుముందు చూడలేదు. సర్లే, దాని పని అది చేసుకుంటుందని వంటింట్లోకి పోయాను.

అంతలో బల్బు ఎర్రబడింది. మా ఆయన దూలానికి తొట్టెల తాడు కడుతున్నాడు. స్టూలు మీద నుంచి ఒక్క దూకు దూకి ఫ్యూజు పీకాడు. బల్ల కింద కంప్యూటరు కోసం పెట్టిన బ్యాటరీ పెట్టె కుయ్‌కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. మోటరు కాలేముందు మూలిగినట్టే ఇదీ మూలుగుతోందనుకుని ఉరికొచ్చి దాని మీట కూడా నొక్కేశాడు. ఇల్లంతా నిశ్శబ్దమైంది. బతికిందని చెమట తుడుచుకుంటూ నా వంక చూసి నవ్వాడు కూడా.

కరెంటు నిలకడగా వచ్చాక నేను కంప్యూటరు పెట్టాను. బొమ్మ వచ్చింది, కింద గీత పరిగెత్తింది, నీలంగా ఒక మెరుపు మెరిసింది, మళ్లీ నల్లబడి మొదటికొచ్చింది. మళ్లీ బొమ్మ, మళ్లీ గీత, మళ్లీ మెరుపు. అలా ఎంతసేపు నిలబడి చూశానో! పొద్దున నా ముఖం నాకు చూపించిన వస్తువు ఇంతలోనే నేనెవరో తెలియనట్టు గింగిరాలు తిరుగుతోంది. తెర మీద ఆపవద్దని రాసి ఉండిన సంగతి చెప్పగానే మా ఆయన ఉన్నచోటనే నేల మీద కూలబడిపోయాడు. "కాపాడిన అనుకున్న గదనే" అన్నాడు, అంతే. అంత నిబ్బరమైన మనిషి ముఖం అలా పాలిపోవడం నేను అదే చూడడం.

తరువాత మేం చేయని వైద్యం లేదు. తీగలన్నీ పీకి తుడిచి మళ్లీ పెట్టాం. వేడెక్కిందేమోనని టేబుల్ ఫ్యాను దాని వైపు తిప్పాం. మా అత్త ఉప్పూ మిరపకాయలూ తెచ్చి దాని చుట్టూ తిప్పి పొయ్యిలో వేసి, ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిగానే తగిలిందని తేల్చింది. నిజామాబాదులో అమ్మినతనికి ఫోను చేస్తే డబ్బా తెచ్చి ఇవ్వమని, అంతా తుడిచేసి మళ్లీ ఎక్కించాలని, సోమవారం వచ్చి తీసుకుపొమ్మని చెప్పాడు. సోమవారం! మరిదికి కబురు చేద్దామంటే క్యాంపులో ఫోను లేదు. ఊళ్లో ఇంటర్నెట్ సెంటరు ఉంది గాని, ఇంకా గడప దాటని పసిగుడ్డును అక్కడికి ఎత్తుకుపోతామంటే మా అత్త బతకనిస్తుందా? ఏదైతే అదైందని మా ఆయన డబ్బాను మోటార్ సైకిలుకు కట్టడానికి తాడు తెచ్చాడు.

అప్పుడు బాలింత గది తలుపు తెరుచుకుంది. తొట్టెలనాటి స్నానం అయ్యేదాకా గడప దాటకూడని మనిషి, చెవులకు గుడ్డ కట్టుకుని, గోడ పట్టుకుని వచ్చి మా నడుమ నిలబడింది.

"అక్కా, దాన్ని యాడికి పంపకుండ్రి. జరుగు, నేను జూస్త."

"బిడ్డా, గాలి దాకుతది! రేపటిదాక ఓపిక వట్టరాదా?" అని మా అత్త లబలబలాడింది.

"రేపయితే ఎందుకత్తమ్మా? గాయన రేపే గద చూసేది."

పెళ్లికి ముందు చెల్లెలు నిజామాబాదులో కంప్యూటరు కోర్సు చేసింది, కొన్నాళ్లు అక్కడే నేర్పింది కూడా. బాలింత అన్న పేరు పడ్డాక ఆ సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. మా అత్త ఒక్క నిమిషం దాని ముఖంలోకి చూసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు సరికదా, గబగబా కిటికీలు మూసి, ఫ్యాను బందుపెట్టి, చెల్లెలి చెవుల్లో మరింత దూది కుక్కి, పాదాల కింద బొంత మడిచి పరిచింది. ఆమె చేతులు ఆ పని చేస్తుండగా నేను చూస్తూ ఉండిపోయాను. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పటి నుంచీ కదలని నియమం కదిలింది మరి.

చెల్లెలు కంప్యూటరు మొదలయ్యే క్షణంలో పైవరుసలోని ఒక మీటను టకటకా కొట్టింది. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వరుసగా వచ్చాయి. వాటిలో ఒకటి ఎంచుకుంటే, రంగులు వెలిసిపోయి బొమ్మలు లావుగా కనిపించే తెర ఒకటి వచ్చింది. ఇది పూర్తిగా లేవడం కాదని, జ్వరంలో ఉన్నవాడు గంజి తాగడానికి లేచి కూర్చున్నట్టని నాకు చెప్పింది. ఆ తరువాత ఒక క్యాలెండరు తెరిచింది. బాగున్న రోజు ఏదో చూపిస్తే ఆ రోజు ఎట్లా ఉండేదో అట్లా చేస్తుందట. కెమెరా మొదటిసారి బిగించుకుని అందరం ముఖాలు చూసుకుని నవ్వుకున్న ఆదివారాన్ని చూపించింది.

"పోయిన దినం మల్ల వస్తదా బిడ్డా?" అంది మా అత్త, నోరు తెరిచి.

"దీనికి వస్తదత్తమ్మా" అంది చెల్లెలు.

గీత మెల్లగా జరుగుతోంది. పిల్ల లేచి ఏడిస్తే మా అత్త తెచ్చి చెల్లెలి ఒళ్లో పెట్టింది, అది అక్కడే కుర్చీలో పాలు తాగింది. మా ఆయనకు చెల్లెలు ఒకటే మాట చెప్పింది, "బావా, లైటు ఎర్రవడ్డా నువ్వు మాత్రం ముట్టకు." ఆయన బోర్డు కింద చాప వేసుకుని, బల్బు వంక చూడకుండా తలవంచుకుని కూర్చున్నాడు. గీత నిండింది, తెర నల్లబడింది, ఊపిరి బిగబట్టాం. మళ్లీ బొమ్మ వచ్చింది, గీత పరిగెత్తింది, ఈసారి మెరుపు మెరవలేదు. వెనకటి పాట మోగి మా పాత తెర ఎప్పటిలా వచ్చి నిలబడింది. నాకు ఏడుపు ఆగలేదు.

శుక్రవారం ఇల్లు చుట్టాలతో నిండింది. మధ్యాహ్నం దాటాక మరిది ముఖం తెర మీద ముక్కలు ముక్కలుగా వచ్చి అతుక్కుంది. చెల్లెలు పిల్లను కెమెరాకు దగ్గరగా పట్టుకుంది. అతను ఏమీ మాట్లాడడు. తెర నిలిచిపోయిందేమోనని నేను కంగారు పడుతుండగానే రెప్పలు కొట్టాడు, కళ్లు తుడుచుకున్నాడు. సరిగ్గా అప్పుడు పైన బల్బు ఎర్రబడింది. కాసేపటికి పూర్తిగా ఆరిపోయి బల్ల కింది పెట్టె కుయ్‌కుయ్‌మని అరవడం మొదలుపెట్టింది. నేను మా ఆయన వంక చూశాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చేతి మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెట్టె అరిచినప్పుడల్లా భుజాలు అదురుతున్నాయి, కణతల మీద చెమట కారుతోంది. అయినా అడుగు కదపలేదు. ఆ మనిషి తన జన్మలో అంత కష్టమైన పని ఇంకోటి చేసి ఉండడు.

"గా నొసలు జూడు వదినె, అచ్చం మా అత్తమ్మదే" అన్నాడు మరిది. మా అమ్మకు అతను వరుసకు మేనల్లుడు, చిన్నప్పుడు ఆమె చేతి ముద్దలు తిన్నవాడు. "గంగవ్వ పేరే వెట్టుండ్రి. గంగ అని పిలువుండ్రి."

ఆ మాట మాకు అందింది, పెట్టె ఊరుకుంది, తెర చీకటైంది. నేనూ చెల్లెలూ ఒకరినొకరం పట్టుకుని అమ్మ పోయిననాటిలా ఏడ్చాం. మా అత్త పిల్ల చెవిలో గంగా, గంగా, గంగా అని మెల్లగా చెప్పింది. మద్నూరు వియ్యపురాలు, తన తల్లి పేరు రాలేదన్న చిన్నతనం ముఖంలో కనబడనీయకుండా, తొట్టెల ఊపింది. అప్పుడు గాని మా ఆయన చేతులు విడిపించుకోలేదు. విడిపించుకోగానే పరుగున పోయి ఫ్యూజు పీకాడు. అంత ఏడుపులోనూ ఇల్లంతా గొల్లున నవ్వింది.

ఈ సంగతంతా మొన్న గంగకు చెప్పాను. అది మంచం మీద లేచి కూర్చుని నోరు తెరుచుకుని విన్నది. ఇప్పుడు తండ్రులు ఏ దేశంలో ఉన్నా బిడ్డ పుట్టిన గంటలోపే అరచేతిలో చూసుకుంటున్నారు, మంచిదే. పొలానికి రోజంతా కరెంటు ఉంటోంది, మోటార్లు అప్పటిలా మాడడం లేదు, అదీ మంచిదే. కాని ఒక ముఖం కోసం ఇల్లంతా ఊపిరి బిగబట్టిన ఆ మధ్యాహ్నం లాంటిది మళ్లీ ఎప్పుడైనా వచ్చిందా అంటే నాకు గుర్తు రాదు. పోయిన దినం గురించి మా అత్త అడిగిన మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది. చెల్లెలు చెప్పిన జవాబు కూడా ఉంది.

నేను చెప్పడం ముగించేసరికి గంగ ల్యాప్‌టాప్ ఎవరి సాయమూ లేకుండా లేచి తయారైంది. అది పనిలో పడిపోయింది. నేను చేట పట్టుకుని మళ్లీ పైకి చూశాను. బల్బు తెల్లగా, చలించకుండా వెలుగుతూనే ఉంది. ఎర్రబడినా ఫలితం లేదు, ఆ బోర్డు దగ్గరికి ఉరికే మనిషి పోయి నాలుగేళ్లయింది.